ఉద్యోగం మానేస్తేనే రాక్ సింగర్ అవుతామా? బ్రూస్ డికిన్సన్ సంగతి చెబుతాను

తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది. వయసు 23. చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకున్నాడు. బీటెక్ అయ్యి గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శని, ఆదివారాల్లో బ్రిటన్ హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ పాటలు పాడే బ్యాండ్. రెండు గంటలు ప్రాక్టీస్ చేసేసరికి గొంతు బొంగురుపోతోంది. ఆ మెయిడెన్ సింగర్ బ్రూస్ డికిన్సన్‌కి అరవై దాటినా ఆ గొంతు ఎలా నిలిచింది, అది పుట్టుకతో వచ్చిందేనా, ఆయనలా కావాలంటే ఉద్యోగం మానేసి పూర్తిగా ఇదే పట్టుకోవాలని స్నేహితులు అంటున్నారు, నిజమేనా అని.

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను తమ్ముడూ. డికిన్సన్ పేరు చెప్పి ఉద్యోగం మానెయ్యమన్నవాళ్లు ఎవరో గానీ ఆయన జీవితం తెలియనివాళ్లు. రాక్‌లో ఒక్క పని పట్టుకుని కూర్చోలేని మనిషి ఎవరైనా ఉంటే అది ఆయనే. డిగ్రీ చదువుతూ పాడాడు. పేరు వచ్చాక కత్తిసాములో పోటీలకు వెళ్లాడు. నవలలు రాశాడు. బీబీసీ రేడియోలో ఏళ్ల తరబడి కార్యక్రమం నడిపాడు. ఎయిర్‌లైన్స్‌లో కెప్టెన్‌గా జీతానికి విమానాలు నడిపాడు. ఇవన్నీ పాట పక్కన సరదాకి చేసినవని చాలామంది అనుకుంటారు. నా లెక్క వేరు. ఆయన కెరీర్‌ని నడిపిందే ఆ కుదురులేనితనం. విసుగొచ్చినప్పుడల్లా ఇంకో పనిలోకి వెళ్లాడు, ఆ పనే గొంతుకీ మనసుకీ విరామం ఇచ్చింది. నేను గొంతు పాఠాలు చెబుతాను, అంతకు ముందు సికింద్రాబాద్‌లో కాలేజీ బ్యాండ్లలో ఇవే పాటలు పాడినవాణ్ణి. కాబట్టి ఆయన కథని గొంతు వైపు నుంచే చెబుతాను.

పుట్టింది 1958 ఆగస్టు 7న, ఇంగ్లండ్‌లో నాటింగమ్‌షైర్‌లోని వర్క్‌సాప్ అనే బొగ్గు గనుల ఊళ్లో. తల్లిదండ్రులు మరీ చిన్న వయసు వాళ్లు కావడంతో మొదట్లో తాత ఇంట్లో పెరిగాడు. ఆ తాత గని కార్మికుడు. తర్వాత తల్లిదండ్రులతో షెఫీల్డ్, అక్కణ్ణుంచి ఔండిల్ అనే బోర్డింగ్ స్కూలు. అక్కడ పెద్ద పిల్లల వేధింపులు బాగా పడ్డాడు. డీప్ పర్పుల్ అనే రాక్ బ్యాండ్‌ని మొదటిసారి విన్నదీ అక్కడే. విన్నాక సింగర్ అవుదామనుకోలేదు, డ్రమ్మర్ అవుదామనుకున్నాడు. స్కూలు సంగీతం గదిలోంచి బాంగోలు, అంటే చేత్తో వాయించే చిన్న డ్రమ్ములు, తెచ్చుకుని వాయిస్తూ, పాడే స్నేహితుడికి పైస్వరాలు అందుకోమని ఉత్సాహపరుస్తూ తానూ పాడి చూపిస్తుంటే, అవి తనకే వస్తున్నాయని తెలిసింది. పుట్టుకతో వచ్చిందా అన్న ప్రశ్నకి ఇదే సగం జవాబు. పైస్వరం అందే గొంతు ఆయనకి ముందే ఉంది, అది కాదనలేం. కానీ అప్పటికి అది అందే గొంతు మాత్రమే, పాడే గొంతు కాదు. రెంటికీ మధ్య పదేళ్లు పట్టింది.

ఆ స్కూలు నుంచి ఆయన్ని పంపేశారు. హెడ్‌మాస్టర్ తినే వంటకంలో చెయ్యకూడని పని చేసిన కుర్రాళ్లలో ఈయనొకడు, అంతకంటే వివరం వద్దు. షెఫీల్డ్ తిరిగి వచ్చి ఇంకో స్కూల్లో చేరాడు. అక్కడ తోటి పిల్లలు సింగర్ కావాలని మాట్లాడుకుంటుంటే విని బ్యాండ్‌లో చేరాడు. స్కూలు అయ్యాక ఆర్నెల్లు టెరిటోరియల్ ఆర్మీలో ఉండి, లండన్ క్వీన్ మేరీ కాలేజీలో చరిత్ర చదవడానికి వెళ్లాడు. ఇంట్లోవాళ్లు డిగ్రీ కావాలన్నారు, ఈయనకి బ్యాండ్ కావాలి, లండన్ వెళ్తే రెండూ దొరుకుతాయి. మన ఇళ్లల్లో జరిగే బేరమే. చదువు పూర్తి చేశాడు, చదువుతూనే పబ్బుల్లో పాడాడు. 2011లో అదే కాలేజీ పిలిచి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

1979లో శాంసన్ అనే బ్యాండ్‌లో చేరాడు. అప్పట్లో ఆయన స్టేజి పేరు 'బ్రూస్ బ్రూస్'. వాళ్ల డ్రమ్మర్ ముసుగు తొడుక్కుని బోనులో కూర్చుని వాయించేవాడు, జనం సింగర్ని వదిలేసి అతన్నే చూసేవాళ్లు. శాంసన్ కాలం రికార్డింగులు దొరికితే వినమని నా దగ్గరికి వచ్చే పిల్లలకి చెబుతుంటాను. అదే మనిషి, అదే పైస్వరం, కానీ ప్రతి లైనూ అదే ఒత్తిడితో పాడతాడు. ఎక్కడ తగ్గాలో అప్పటికి తెలియదు. నీ ప్రాక్టీస్ రికార్డింగులు ఇప్పుడు బహుశా అలాగే ఉంటాయి.

1981 ఆగస్టులో రీడింగ్ ఫెస్టివల్లో శాంసన్‌తో పాడినప్పుడు ఐరన్ మెయిడెన్ మేనేజర్ రాడ్ స్మాల్‌వుడ్ ఆయన్ని పక్కకి పిలిచాడు. మెయిడెన్ అప్పటికే రెండు ఆల్బమ్‌లు తెచ్చిన బ్యాండ్, సింగర్ పాల్ డియానోతో కుదరడం లేదు. ఆడిషన్‌కి రమ్మంటే, ఉద్యోగం నాకే వస్తుంది, కానీ నా అభిప్రాయాలు నాకుంటాయి, అవి మీరు భరించగలరో లేదో ముందే చూసుకోండి అన్నట్టు జవాబు చెప్పానని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. నిజంగానే బ్యాండ్ యజమాని లాంటి బాస్ గిటారిస్టు స్టీవ్ హారిస్‌కీ ఈయనకీ తర్వాత పదేళ్లూ అది నడుస్తూనే ఉంది. పాత కాంట్రాక్టు చిక్కుల వల్ల మొదటి ఆల్బమ్‌లో ఆయన రాసినదానికి పేరు వేసుకోవడం కూడా కుదరలేదు.

ఆ ఆల్బమ్ 1982 మార్చిలో వచ్చిన 'ద నంబర్ ఆఫ్ ద బీస్ట్'. బ్రిటన్‌లో వాళ్లకి మొదటి నంబర్ వన్. దాని టైటిల్ పాట మొదట్లో వచ్చే కేక నీకు తెలుసు, దానికోసమే నువ్వు గొంతు చించుకుంటున్నావని కూడా నాకు తెలుసు. అది ఎలా వచ్చిందో విను. నిర్మాత మార్టిన్ బర్చ్ డీప్ పర్పుల్, బ్లాక్ సబ్బాత్ రికార్డులు చేసిన మనిషి. ఆయన డికిన్సన్‌ని పట్టుకుని నిలబెట్టింది కేక దగ్గర కాదు, దానికి ముందు మైకుకి దగ్గరగా, దాదాపు గుసగుసగా పాడే నాలుగు లైన్ల దగ్గర. గంటలు గంటలు అవే లైన్లు. బాగుంది, మళ్లీ పాడు. బాగుంది, మళ్లీ పాడు. బ్లాక్ సబ్బాత్ సింగర్ రోనీ జేమ్స్ డియోతో కూడా ఒక పాట మొదటి లైన్ల దగ్గర ఇలాగే జరిగిందని బర్చ్ చెప్పాడట. చివరికి డికిన్సన్‌కి తిక్కరేగి కుర్చీలు విసిరే దాకా వచ్చింది. ఆ కోపమే తర్వాత ఆ కేకలోంచి బయటికి వచ్చిందని ఆయన చెబుతాడు.

ఈ కథని చాలామంది కేక కథగా చెప్పుకుంటారు. గొంతు నేర్పే మనిషిగా నాకు ఇందులో కనిపించేది ఆ నాలుగు లైన్లే. తక్కువ గాలితో, తక్కువ శబ్దంతో, స్వరం వణక్కుండా, ప్రతి మాటా వినపడేలా పాడటం పైస్వరం కంటే కష్టం. స్వర తంత్రులు సరిగ్గా దగ్గరికి రాకపోతే మెల్లగా పాడినప్పుడే దొరికిపోతాం, గట్టిగా పాడితే ఆ లోపం శబ్దంలో దాక్కుంటుంది. బర్చ్ దొరకబుచ్చుకున్నది అదే. శాంసన్ రికార్డులకీ దీనికీ తేడా ఒక్క ఏడాదే, కానీ వినేవాడికి వేరే సింగర్ అనిపిస్తుంది.

తర్వాత రెండేళ్లలో ఇంకో రెండు పెద్ద ఆల్బమ్‌లు, 1983లో 'పీస్ ఆఫ్ మైండ్', 1984లో 'పవర్‌స్లేవ్'. ఆ వెంటనే వచ్చిన పర్యటన గురించి కాస్త ఆగి చెప్పాలి. 1984 ఆగస్టులో పోలండ్‌లో మొదలై 1985 జులైలో కాలిఫోర్నియాలో ముగిసింది. ఏడాది పొడవునా దాదాపు 190 కచేరీలు. మధ్యలో 1985 జనవరిలో బ్రెజిల్‌లోని రియోలో లక్షల మంది ముందు, క్వీన్ బృందం కంటే ముందు పాడారు. ఆ రాత్రి సొంత గిటారే తగిలి నుదురు చిట్లి, మొహం మీద రక్తంతోనే పాడాడు. ఫోటోలు గొప్పగా ఉంటాయి. కానీ ఒక మనిషి గొంతు వైపు నుంచి లెక్క చూడు. ఏడాదిలో సగం కంటే ఎక్కువ రాత్రులు, ఒక్కోటి రెండు గంటల దాకా, తారస్థాయిలో. మిగిలిన రాత్రులు ప్రయాణం. ఆ పర్యటన చివరికి వచ్చేసరికి సంగీతమే మానేద్దామనుకున్నాడు. గొంతు కంటే ముందు మనిషి అలిసిపోయాడు. తర్వాతి ఆల్బమ్‌కి ఆయన మెత్తగా, అకౌస్టిక్ గిటార్ మీద నడిచే పాటలు తీసుకొస్తే బ్యాండ్ వద్దంది. 1986 నాటి ఆ రికార్డులో ఆయన రాసిన పాట ఒక్కటీ లేదు. వచ్చి పాడి వెళ్లాడు, అంతే.

కత్తిసాములో ఆయన బాగా మునిగింది ఈ కాలంలోనే. ఫాయిల్ అనే విభాగంలో ఒక దశలో బ్రిటన్‌లో ఏడో ర్యాంకు దాకా వెళ్లాడు. హాబీకి ఎవరికీ ఆ ర్యాంకు రాదు, రోజూ చెమటోడ్చాలి. సింగర్‌కి దానివల్ల దక్కింది ఊపిరి, నడుము, కాళ్ల బలం. స్టేజి మీద ఆ కొస నుంచి ఈ కొసకి పరిగెత్తి, స్టేజి స్పీకర్ల మీదనుంచి దూకి, ఆయాసం లేకుండా తర్వాతి లైను అందుకోవడం ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నావు?

1988 ఆల్బమ్‌తో మళ్లీ ఉత్సాహం వచ్చినా ఎక్కువ కాలం నిలవలేదు. 1990లో సొంతంగా ఒక ఆల్బమ్ చేశాడు. అదే ఏడాది మెయిడెన్ రికార్డులో కావాలని గొంతు గరగరలాడించి పాడాడు. నాకు ఆ రికార్డు నచ్చదు, నువ్వు దాన్ని చూసి పాడటం నేర్చుకోవద్దు. తమాషా ఏమిటంటే ఒక హారర్ సినిమా కోసం ఆయన రాసిన పాటని ఆ గరగర గొంతుతో మెయిడెన్ మళ్లీ రికార్డు చేస్తే, 1991 జనవరిలో బ్రిటన్‌లో నంబర్ వన్ సింగిల్ అయింది. వాళ్లకి దక్కిన ఒకే ఒక్క నంబర్ వన్ సింగిల్ అది. మార్కెట్ తీర్పుని ఎంతవరకు నమ్మాలో ఇక నీ ఇష్టం.

1993లో బ్యాండ్ వదిలేశాడు. గొడవ పడి తలుపు విసిరేసి పోలేదు. ముందే చెప్పి, వీడ్కోలు పర్యటన చేసి వెళ్లాడు. కానీ ఆ పర్యటన అందరికీ చేదుగానే గడిచింది. వెళ్లిపోతున్నవాడు మనసు పెట్టి పాడటం లేదని హారిస్ అన్నాడు, హుషారుగా పాడటానికి అక్కడి వాతావరణం అలా లేదని ఈయన అన్నాడు. నీ ఉద్యోగం సంగతి అడిగావు కాబట్టి ఈ ముక్క గమనించు. ఆయన వదిలింది ప్రపంచంలోని పెద్ద మెటల్ బ్యాండ్లలో ఒకదాన్ని, 35వ ఏట. వదిలాక చేతిలో ఏముందో కూడా సరిగ్గా తెలియదు. తర్వాతి సొంత ఆల్బమ్‌లలో ఒకటి ఒక రకం, ఇంకోటి ఇంకో రకం. 1996లో గ్రంజ్ అనే అప్పటి కొత్త రకం రాక్ గాలికి దగ్గరగా వెళ్లిన ప్రయోగం జనానికి ఎక్కలేదు. చిన్న హాళ్లలో పాడాడు.

ఆ రోజుల్లోనే, 1994 డిసెంబరులో, ముట్టడిలో ఉన్న బోస్నియా రాజధాని సరయేవోకి వెళ్లి పాడాడు. బోస్నియా యుద్ధం మధ్యలో ఉంది, ఊరు చుట్టూ తుపాకులు. ఒక స్వచ్ఛంద సంస్థ లారీలో కొండదారుల మీదుగా ఊళ్లోకి వెళ్లి, చిన్న హాల్లో, నెలల తరబడి నీళ్లూ కరెంటూ సరిగా లేని కుర్రకారుకి పాడి వచ్చాడు. దానిమీద తర్వాత డాక్యుమెంటరీ వచ్చింది, 2019లో ఆ నగరం ఆయనకి గౌరవ పౌరసత్వం ఇచ్చింది. లక్షల మంది రియోకీ ఈ హాలుకీ మధ్య దాదాపు పదేళ్లు.

1997, 1998ల్లో పాత మెయిడెన్ గిటారిస్టు ఏడ్రియన్ స్మిత్, ఇంకో గిటారిస్టు రాయ్ జీతో కలిసి రెండు సొంత ఆల్బమ్‌లు చేశాడు. రెండోది 'ద కెమికల్ వెడ్డింగ్', కవి విలియం బ్లేక్ ఊహాలోకం చుట్టూ అల్లింది. నన్నడిగితే గొంతు పరంగా ఆయన చేసిన అన్నింటిలో ఇదే గొప్పది. నలభయ్యో ఏట మధ్యస్థాయి ఇంత లావుగా, ఇంత వెచ్చగా మెయిడెన్ రికార్డుల్లో అంతకు ముందు ఎక్కడా వినపడదు. పైస్వరం ఉన్న కుర్రాడు వదిలి వెళ్లాడు, మంద్రం నుంచి తారం దాకా అంతా చేతిలో ఉన్న సింగర్ 1999లో తిరిగి వచ్చాడు. స్మిత్ కూడా వచ్చాడు, గిటార్లు మూడయ్యాయి, 2000లో 'బ్రేవ్ న్యూ వరల్డ్' వచ్చింది. పాత బ్యాండ్లు మళ్లీ కలిస్తే సాధారణంగా పాత పాటలతో డబ్బు చేసుకుంటాయి. వీళ్లు అప్పటి నుంచి కొత్త ఆల్బమ్‌లు తెస్తూనే ఉన్నారు, 2021లో కూడా ఒకటి తెచ్చారు.

విమానాల సంగతి ఇప్పుడు. 1990ల మొదట్లో చిన్న విమానాలతో నేర్చుకోవడం మొదలుపెట్టి, పరీక్షలన్నీ రాసి, గాట్‌విక్ కేంద్రంగా ఉన్న ఆస్ట్రేయస్ అనే ఎయిర్‌లైన్స్‌లో బోయింగ్ 757 కెప్టెన్ అయ్యాడు. మామూలు ప్రయాణికులని సెలవులకి తీసుకెళ్లే విమానాలు. 2008లో ఒక విమానయాన సంస్థ దివాలా తీస్తే విదేశాల్లో చిక్కుకున్న బ్రిటిష్ టూరిస్టులని వెనక్కి తెచ్చిన పైలట్లలో ఆయన ఉన్నాడు. అదే ఏడాది బ్యాండ్ కోసం 757 ఒకటి తీసుకుని, వెనక సీట్లు తీసేసి సామాను పెట్టి, బృందాన్నీ సిబ్బందినీ అందులోనే తిప్పారు, కెప్టెన్ సీట్లో ఈయనే. 45 రోజుల్లో 23 కచేరీలు, సుమారు 80 వేల కిలోమీటర్లు. ఆ పర్యటన మొదటి కచేరీ మన ముంబైలోనే, 2008 ఫిబ్రవరి 1న. 2016లో 757 కాస్తా 747 అయింది, దానికీ విడిగా ట్రైనింగ్ తీసుకుని నడిపాడు. గొంతుకి మాత్రం ఇది మంచి పని కాదు. విమానం క్యాబిన్‌లో తేమ బాగా తక్కువ, గంటల తరబడి ఆ గాలి పీల్చి మర్నాడు తారస్థాయి అందుకోవడం సింగర్లెవరూ కోరుకోరు. ఆయన కోరుకున్నాడు, ఎందుకంటే బస్సులో, హోటల్ గదిలో ఖాళీగా కూర్చోవడం ఆయన వల్ల కాదు.

మెయిడెన్ ఇండియాకి మొదటిసారి వచ్చింది ఆ ముంబై కచేరీకి ముందు ఏడాది, 2007 మార్చి 17న, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి. హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లు చాలామంది, రాత్రి బస్సు నిండా నల్ల టీషర్టులే. నేనూ ఉన్నాను. ఢిల్లీ బ్యాండ్ పరిక్రమ ముందు వాయించింది, ఆ ఏడాదే వాళ్లు ఇంగ్లండ్‌లో డౌన్‌లోడ్ ఫెస్టివల్‌కి కూడా వెళ్లారు. డికిన్సన్ "స్క్రీమ్ ఫర్ మి బెంగళూరు" అనగానే లేచిన అరుపు సంగతి వదిలెయ్, అందరూ అదే చెబుతారు. నేను చూస్తూ నిలబడింది ఆయన ఎక్కడ పాడటం లేదో అని. జనం పాడే చోట మైకు వాళ్లకి ఇచ్చేస్తాడు. పొడుగు స్వరాన్ని రికార్డులో ఉన్నంతసేపు పట్టడు, అందుకుని, చూపించి, వదిలేస్తాడు. పాటకీ పాటకీ మధ్య కబుర్లు చెబుతూ ఊపిరి తీసుకుంటాడు. ఎక్కడ ఖర్చు పెట్టాలో ముందే తెలిసిన మనిషి. రియో రోజుల వీడియోలు పక్కన పెట్టి చూడు, ఆ కుర్రాడు దొరికినదంతా ఖర్చు పెట్టేసేవాడు.

ఇక జబ్బు. 2014 చివర్లో పారిస్‌లో డబుల్ ఆల్బమ్ రికార్డు చేశారు, అందులో ఆర్101 అనే ఎయిర్‌షిప్ కూలిపోవడం మీద ఆయన పియానో వాయించి రాసిన 18 నిమిషాల పాట ఉంది. ఆ రికార్డింగ్ జరుగుతున్నప్పుడే నాలుక వెనక భాగంలో కేన్సర్ గడ్డ ఉంది, ఇంకోటి మెడ గ్రంథిలో. క్రిస్మస్ ముందు తేలింది. కీమో, రేడియేషన్ వారాల తరబడి జరిగాయి, 2015 మే నెలలో పూర్తిగా పోయిందని డాక్టర్లు చెప్పారు. కారణం హెచ్‌పీవీ వైరస్ అని ఆయన దాపరికం లేకుండా చెప్పాడు. నలభై దాటిన మగవాళ్లు మెడ దగ్గర గడ్డ కనపడితే ఏదో ఇన్ఫెక్షన్ అని వదిలెయ్యకుండా చూపించుకోండని కూడా చెప్పాడు. ఈ వైరస్‌కి టీకా ఉంది, మన దగ్గర ఆడపిల్లల సర్వైకల్ కేన్సర్ టీకా అని మాత్రమే తెలుసు చాలామందికి. మగపిల్లలకీ ఇవ్వవచ్చు, పిల్లల డాక్టర్ని అడగండి.

రేడియేషన్ తర్వాత గొంతులో లాలాజలం తగ్గుతుంది, రుచి పోతుంది, లోపలి కండ బిగుసుకుంటుంది. డికిన్సన్ నెలల పాటు పాడే ప్రయత్నమే చెయ్యలేదు. తొందరపడని ఆ ఒక్క నిర్ణయం వల్లే గొంతు తిరిగి వచ్చిందని నా నమ్మకం. నాలుక వెనక భాగం ఆకారం మారడంతో అచ్చులు పలికే తీరు కాస్త మారిందని ఆయనే చెప్పాడు. ఆ మాట వింటే సంగీతం నేర్చుకున్నవాడికి వెంటనే అర్థమవుతుంది, అకారం, ఇకారం, ఉకారం తయారయ్యేది అక్కడే కదా. 2016 ఫిబ్రవరిలో మళ్లీ స్టేజి ఎక్కాడు. 2024లో సొంత ఆల్బమ్ తెచ్చాడు, 2025లో బ్యాండ్ యాభయ్యేళ్ల పర్యటనలో పాడాడు.

ఇప్పుడు నీ గొంతు. కర్ణాటక సంగీతం నేర్చుకున్నావు కాబట్టి నీ భాషలోనే చెబుతాను. మగగొంతుకి మామూలుగా ఒకటో శ్రుతి అనుకో. కచేరీలో తారస్థాయి మధ్యమం, పంచమం దాకా వెళ్లి, కాసేపు నిలిచి, దిగి వస్తాం. ఆ శ్రుతి లెక్కలో డికిన్సన్ పల్లవులు చాలా చోట్ల తార పంచమం, ధైవతం దగ్గరే కాపురం ఉంటాయి. నువ్వు వర్ణం పాడే నిండు గొంతునే అంత పైకి మోసుకెళ్తున్నావు, అందుకే రెండో గంటకి అలిసిపోతుంది. పైకి వెళ్లేకొద్దీ గాలి తగ్గించాలి, గొంతు బరువు తగ్గించి ముక్కు వెనక మోగేలా పదును పెంచాలి. చిన్న పిల్లలు వెక్కిరిస్తూ "న్యా న్యా" అంటారు చూడు, ఆ మోత. దానితో తార షడ్జం నుంచి మెల్లగా పైకి కట్టుకో. గట్టిగా వద్దు, పక్క గదిలో వాళ్లకి వినపడేంత చాలు.

కానీ గొంతు కంటే ముందు నాకు అనుమానం మీ ప్రాక్టీస్ గది మీద. చిన్న గదిలో డ్రమ్స్, గిటార్ శబ్దం పెంచే ఆంప్‌లు రెండు, సింగర్‌కి ఒక చిన్న స్పీకర్. తన గొంతు తనకి వినపడకపోతే ఎవడైనా తెలియకుండానే అరుస్తాడు, ఇది మనిషి స్వభావం, సంకల్పంతో ఆగదు. గిటార్లు తగ్గించమను, తగ్గించరు, అందుకని ఇయర్‌ప్లగ్స్ పెట్టుకో, స్పీకర్ నీ వైపు తిప్పుకో. గిటార్లు అర స్వరం దించి శ్రుతి చేయమను, సిగ్గు పడాల్సింది ఏమీ లేదు. ప్రాక్టీస్‌కి ముందు ఇరానీ చాయ్ మీద చాయ్, తర్వాత అర్ధరాత్రి బిర్యానీ తిని వెంటనే పడుకోవడం ఆపెయ్, ఎసిడిటీ పైకి తన్ని స్వర తంత్రుల్ని కాలుస్తుంది. బొంగురు మర్నాటికి పోతోందంటే అలసట. రెండు మూడు వారాలు ఉండిపోతే మాత్రం పాడటం ఆపి, ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర కెమెరాతో చూపించుకో. అప్పటిదాకా గుసగుసగా మాట్లాడటం విశ్రాంతి అనుకోకు, దానివల్లా గొంతు మీద భారం పడుతుంది.

ఉద్యోగం మాట. డికిన్సన్ పెద్ద బ్యాండ్‌లో చేరేనాటికి చేతిలో డిగ్రీ, పబ్బుల్లో ఏళ్ల అనుభవం, రెండు రికార్డులు ఉన్నాయి. నీ దగ్గర జీతం ఉంది, వారాంతాలు ఉన్నాయి. సొంత పాటలు ఇంకా లేవు, అన్నీ వాళ్లవే పాడుతున్నారు. హైదరాబాద్‌లో కవర్ బ్యాండ్‌గా ఇల్లు గడవాలంటే పబ్బుల్లో వారానికి చాలా రాత్రులు పాడాలి, అది నువ్వు ఇప్పుడు పడుతున్న గొంతు కష్టానికి రెట్టింపు, పైగా సొంత పాట రాసే ఓపిక మిగలదు. కాబట్టి ఇప్పుడు మానెయ్యకు. సొంత పాటలు ఓ అరడజను తయారై, వాటికి జనం వస్తున్నప్పుడు మళ్లీ అడుగు, అప్పుడు నా జవాబు వేరే ఉండొచ్చు.

ముందుగా ఏ పాట పట్టుకోవాలంటే, మెయిడెన్ పాటలు కొన్నాళ్లు పక్కన పెట్టి, ఆయన 1994 సొంత ఆల్బమ్‌లోని 'టియర్స్ ఆఫ్ ద డ్రాగన్' తీసుకో. కింద మెల్లగా మొదలై పల్లవికి పైకి వెళ్తుంది, రెండు రకాల గొంతూ కావాలి. అర స్వరం దించి, డ్రమ్స్ లేకుండా, ఒక్క గిటార్‌తో ఓ నెల పాడు. తర్వాత ఫోన్‌లో రికార్డు చేసి ఇక్కడే పెట్టు, మొదటి రెండు చరణాలు చాలు, పల్లవి అక్కర్లేదు.